కొత్త చైన్ సాలో చైను ఒకచోట బిర్రుగా, ఇంకోచోట వదులుగా ఉంటే: బిగించే ముందు లెక్కపెట్టండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. మలికిపురం దగ్గర మీ తోటలో చచ్చి నిలబడిన కొబ్బరి మానులు కోయడానికి 58 సీసీ మెషిన్, 22 అంగుళాల బార్‌తో (చైను చుట్టూ తిరిగే పొడవాటి ఇనుప పట్టీ) కొన్నారు. మూడు రోజులైంది. చైను చేత్తో లాగితే కొంత దూరం హాయిగా జరుగుతోంది, ఒకచోటికి వచ్చేసరికి పట్టేస్తోంది. పట్టిన చోట వదులు చేస్తే మిగతా చోట వేలాడుతోంది. వేలాడిన చోట బిగిస్తే అసలు కదలడం లేదు. షాపులో అడిగితే "కొత్తది కదండీ, నాలుగు చెట్లు కోస్తే అదే సర్దుకుంటుంది" అన్నారు. ఈలోగా రెండుసార్లు చైను బార్ మీంచి ఊడింది. మెషిన్ మార్పించాలా, చైను మారిస్తే సరిపోతుందా అని మీ ప్రశ్న.

చైను ఊడిన సంగతి మీరు చివర్లో మామూలుగా రాశారు. నాకు మాత్రం అన్నిటికన్నా ముందు కనిపించింది అదే. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోందో తేలేదాకా దయచేసి ఇంజిన్ స్టార్ట్ చేయకండి. ఊడిన చైను ఒకసారి కవరులో ఆగుతుంది, ఒకసారి తొడ మీదికి వస్తుంది.

నేను కొత్తపేట దగ్గర పంపుసెట్లు, స్ప్రేయర్లు, ఈ చెట్లు కోసే మెషిన్లు బాగుచేస్తూ ఇరవై ఏళ్ళు దాటింది. కొత్త మెషిన్ల మీద ఎక్కువగా వచ్చే ఫిర్యాదుల్లో ఇదొకటి. పది మందిలో ఎనిమిది మంది నా దగ్గరికి వచ్చేసరికే టెన్షన్ స్క్రూని అటూ ఇటూ వంద సార్లు తిప్పి ఉంటారు. స్క్రూ తిప్పితే బార్ ముందుకో వెనక్కో జరుగుతుంది, అంతే. చుట్టు మొత్తం ఒకేలా బిగుస్తుంది, లేదా ఒకేలా వదులవుతుంది. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉన్న జబ్బు స్క్రూతో పోదు.

షాపువాళ్ళ మాటలో సగం నిజం ఉంది. కొత్త చైను మొదటి రోజు సాగుతుంది. ఇనుము సాగడం కాదది. రివిట్లు (లింకుల్ని కలిపే చిన్న మేకులు), వాటి కన్నాలు ఒకదానికొకటి ఒరుసుకుని కుదురుకుంటాయి. ఒక్కో రివిట్టు దగ్గర వెంట్రుకవాసి ఆట వచ్చినా, అన్నీ కలిస్తే చైను కళ్ళకు కనిపించేంత పొడవు పెరుగుతుంది. అందుకే మొదటి అరగంటలో రెండు మూడు సార్లు ఆపి, చల్లారనిచ్చి, బిగించుకోవాలి. కానీ ఈ సాగడం చుట్టంతా సమానంగా ఉంటుంది. ఒకచోట బిర్రుగా, ఒకచోట వదులుగా రావడం వేరే సంగతి. అది నాలుగు చెట్లు కోస్తే సర్దుకోదు, ముదురుతుంది.

కొంచెం ఆలోచిస్తే విషయం తేలికే. చైను ఒక చుట్టు తిరిగేలోపు దాని పొడవు మారదు. బార్ పొడవు మారదు. అయినా బిగువు మారుతోందంటే, తిరిగే వాటిలో ఏదో ఒకటి సరిగ్గా గుండ్రంగా లేదు, లేదా చైనులో ఏదో లింకు వంగాల్సిన చోట వంగడం లేదు, లేదా మధ్యలో ఏదో ఇరుక్కుంది. వీటిలో ప్రతిదానికీ ఒక లెక్క ఉంది. బిగువు ఎన్ని లింకులకోసారి వస్తుందో తెలిస్తే దోషం ఎక్కడుందో దాదాపు తేలిపోతుంది. కాబట్టి బిగించడం ఆపి, లెక్కపెట్టండి.

ఇలా చేయండి. ఇంజిన్ ఆగి చల్లారి ఉండాలి. ప్లగ్ క్యాప్ పీకి పక్కన పెట్టండి. చేతులకు తొడుగులు వేసుకోండి, కొత్త చైను పళ్ళు బ్లేడులా కోస్తాయి. బ్రేక్ లివర్‌ని హ్యాండిల్ వైపు వెనక్కి లాగి బ్రేకు వదిలించండి. ఇది మరీ చిన్న విషయంలా ఉంటుంది గానీ, "చైను కదలడం లేదు" అని మెషిన్ మోసుకొచ్చినవాళ్ళలో బ్రేకు పడి ఉన్నవాళ్ళని చాలామందిని చూశాను. మీ రకం మెషిన్లలో చాలావాటికి బ్రేకు కవరులోనే ఉంటుంది. బ్రేకు పడి ఉండగా కవరు తీస్తే మళ్ళీ అది డ్రమ్ము (ఇంజిన్ తిప్పే గిన్నెలాంటి చక్రం) మీదికి ఎక్కదు, గుర్తుంచుకోండి.

తర్వాత కవరు నట్లు రెండూ కొద్దిగా వదులు చేసి, బార్ ముక్కుని ఒక చేత్తో పైకి ఎత్తి పట్టుకుని, అలా పట్టుకునే టెన్షన్ సరిచేసి నట్లు బిగించండి. ముక్కు ఎత్తకుండా బిగిస్తే, మానులో దించగానే బార్ ఆ కాస్త పైకి లేచి చైను వదులైపోతుంది. కవరు పెట్టేటప్పుడే ఇంకోటి చూసుకోండి. టెన్షన్ స్క్రూకి ఉన్న చిన్న పిన్ను బార్ కన్నంలోకి దిగి ఉండాలి. అది దిగకుండా పైన ఆనుకుని ఉంటే బార్ ఏటవాలుగా కూర్చుంటుంది, చైను ఒక పక్కకి ఒరుసుకుంటుంది, కోసేటప్పుడు బార్ వెనక్కి జారుతుంది. చైను ఊడిందన్నారు కాబట్టి మీ బార్ మీద ఆ కన్నం పక్కన పిన్ను నొక్కిన గుంట ఏమైనా ఉందేమో చూడండి.

ఇప్పుడు లెక్క. చైనులో ఒక కట్టర్ (కోసే పన్ను) మీద నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టండి, అది మొదటి లింకు. సుద్ద ఆయిల్‌కి చెరిగిపోతుంది. బార్ పై అంచు మధ్యలో ఇంకో చుక్క పెట్టండి. చైనుని కోసేటప్పుడు తిరిగే వైపే, అంటే బార్ పైన ముక్కు వైపు, మెల్లగా లాగండి. పట్టేసిన ప్రతిసారీ ఆపి, బార్ మీది చుక్కకి ఎదురుగా ఉన్న లింకు మీద గుర్తు పెట్టండి. ఇలా రెండు చుట్లు పూర్తిగా తిప్పండి, రెండో చుట్టుకి వేరే రంగు వాడండి. తర్వాత గుర్తుల మధ్య బార్ గాడిలో దిగే లోపలి పళ్ళని, అంటే డ్రైవ్ లింకుల్ని లెక్కపెట్టండి.

మీ 22 అంగుళాల బార్‌కి 0.325 పిచ్ (వరసగా మూడు రివిట్ల దూరంలో సగం, అంగుళాల్లో) చైను అయితే మామూలుగా 86 డ్రైవ్ లింకులుంటాయి. ఇంజిన్ దగ్గర డ్రమ్ముతో పాటు తిరుగుతూ చైనుని లాగే పళ్ళ చక్రం, అంటే స్ప్రాకెట్‌కి 7 పళ్ళు. స్ప్రాకెట్ గుండ్రం తప్పినా, మధ్యలో కూర్చోకపోయినా బిగువు 7 లింకులకోసారి వస్తుంది. కొలిస్తే సుమారు 11న్నర సెంటీమీటర్లు. చుట్టు మొత్తంలో పన్నెండు సార్లు పట్టి వదులుతుంది. ఇంకో ఆనవాలు కూడా ఉంది. 86ని 7తో భాగిస్తే 2 మిగులుతుంది కదా, అందుకని రెండో చుట్టులో గుర్తులు మొదటి చుట్టు గుర్తుల మీద పడవు, రెండేసి లింకులు పక్కకి జరుగుతాయి. గుర్తులు అలా జరిగితే తప్పు చైనుది కాదు, స్ప్రాకెట్‌ది.

గుర్తు చుట్టుకి ఒక్కసారే వచ్చి, రెండో చుట్టులోనూ అదే లింకు మీద పడితే తప్పు ఖచ్చితంగా చైనుదే. 10, 11 లేదా 12 లింకులకోసారి వస్తే బార్ ముక్కులో ఉన్న చిన్న చక్రం మీద అనుమానపడాలి. దానికి ఎన్ని పళ్ళుంటే అన్ని లింకులకోసారి పడుతుంది. ఏ లెక్కకీ అందకుండా ఇష్టమొచ్చిన చోట పట్టి వదులుతుంటే ఏదో ఇరుక్కుంది. కొబ్బరి కోసేవాళ్ళకి ఇదే ఎక్కువ, దాని గురించి కింద రాస్తాను.

మీరు "ఒకచోటికి వచ్చేసరికి" అని రాశారు కాబట్టి నా అనుమానం చైను మీదే. చైనులో ఏ లింకో వెతకడానికి తేలికైన పద్ధతి ఉంది. చైను తీసి ఒక పళ్ళెంలో డీజిల్ పోసి రాత్రంతా నానబెట్టండి. పొద్దున్నే బ్రష్‌తో రుద్ది, తుడిచి, గోడ మేకుకి వేలాడదీయండి. బాగున్న చైను దండలా మెత్తగా కిందికి జారుతుంది. బిగుసుకున్న లింకు ఉన్న చోట మాత్రం చిన్న మూల తేలుతుంది, వంచిన మోచెయ్యిలా. అప్పుడు ఒక్కో కీలునీ రెండు బొటనవేళ్ళ మధ్య పెట్టి అటూ ఇటూ వంచుతూ రండి. 86 లింకులకి పదిహేను నిమిషాలు చాలు. చేతికి తెలిసిపోతుంది.

ఆ లింకు దొరికాక దాని రివిట్ల తలలు పక్క రివిట్లతో పోల్చి చూడండి. మన షాపుల్లో చైను పెట్టెలో రావడం తక్కువ. రోల్ నుంచి కావలసినన్ని లింకులు కోసి, చివరలు కలిపి రివిట్టు కొట్టి ఇస్తారు. రివిట్టు తిప్పి నొక్కే పనిముట్టుతో చేస్తే తల గుండ్రంగా, నున్నగా ఉంటుంది. సుత్తితో కొడితే తల పగిలినట్టు, చప్పిడిగా, ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. రెండు దెబ్బలు ఎక్కువ పడితే పక్క పలకలు నొక్కుకుపోయి ఆ కీలు కదలదు. చుట్టుకి ఒకసారి పట్టేసే కొత్త చైనుల్లో నేను ఎక్కువగా చూసింది ఈ అతుకు లింకునే. నానబెట్టి, ఆయిల్ వేసి, చేత్తో పదే పదే వంచితే వదులైతే సరే, అది తుప్పో జిగురో అయి ఉంటుంది. వదులు కాకపోతే దాన్ని మీరు సుత్తితో సరిచేయకండి. బలహీనపడిన రివిట్టు కోతలో తెగితే చైను కొరడాలా వస్తుంది. ఆ చైను షాపువాళ్ళకి తిరిగిచ్చి, 86 లింకులది కంపెనీ కట్టిన చైను అడగండి. అది మీకు రావలసినదే, బతిమాలనక్కర్లేదు.

చైను ఊడినప్పుడు ఇంకో నష్టం జరుగుతుంది, ఇది చాలామంది గమనించరు. ఊడిన క్షణంలో స్ప్రాకెట్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది. దాని పళ్ళు డ్రైవ్ లింకుల మొనలకి, పక్కలకి తగిలి గీరేస్తాయి. ఆ గీరిన చోట సన్నటి ఇనుప అంచు లేస్తుంది. గోరు పెట్టి రాస్తే గీసుకుంటుంది. మళ్ళీ చైను ఎక్కించినప్పుడు ఆ నాలుగైదు లింకులు బార్ గాడిలో దూరక పట్టేస్తాయి. అంటే మొదట ఊడటానికి కారణం ఒకటి, ఇప్పుడు పట్టేయడానికి కారణం ఇంకొకటి అయి ఉండొచ్చు. మీకు రెండుసార్లు ఊడింది కాబట్టి ప్రతి డ్రైవ్ లింకునీ వెలుతురులో పెట్టి చూడండి. లేచిన అంచుని సన్నటి చదును ఆకురాయితో రెండు మూడు సార్లు మెల్లగా రాస్తే పోతుంది. మొన వంగిపోయి ఉంటే ఆ చైను ఇక వద్దు.

స్ప్రాకెట్ లెక్క తేలినవాళ్ళు కవరు, చైను తీసి డ్రమ్ముని చేత్తో తిప్పి చూడాలి. ఇంజిన్‌తో సంబంధం లేకుండా తేలిగ్గా తిరగాలి. చాలా మెషిన్లలో స్ప్రాకెట్ డ్రమ్ము వెనక ఉంటుంది, టార్చి వేసి చూడండి. బాడీకి ఆనించి ఒక సన్న తీగ ముక్కని పంటి మొనకి తగలీతగలనట్టు పట్టుకుని డ్రమ్ము తిప్పండి. ఒక పన్ను తీగకి గీసుకుని, దాని ఎదురు పన్ను దూరంగా పోతుంటే స్ప్రాకెట్ మధ్యలో లేదు. డ్రమ్ముని రెండు వేళ్ళతో పట్టుకుని ఊపండి. కొద్దిగా ఆట మామూలే, గంటలా ఊగితే లోపలి నీడిల్ బేరింగ్ పోయినట్టు. కొత్త మెషిన్‌లో ఈ రెండింటిలో ఏదున్నా వారంటీ కిందికి రావలసిందే, మీ డబ్బుతో మార్చుకోకండి. పాత మెషిన్ వాడేవాళ్ళకి ఒక మాట. అరిగి గాట్లు పడిన స్ప్రాకెట్ మీద కొత్త చైను వేస్తే పళ్ళ దూరం కలవదు, ఇదే రకం బిగువు వస్తుంది. రెండు చైనులు అరిగేసరికి స్ప్రాకెట్ మార్చేయడం మంచిది.

బార్ ముక్కు చక్రాన్ని వేలితో తిప్పితే గరగరలాడకుండా తిరగాలి. పట్టేస్తుంటే డీజిల్‌లో కడిగి గాలి కొట్టండి. గ్రీజు కన్నం ఉంటే గ్రీజు పెట్టండి. ముక్కు నీలంగా మారి ఉంటే అది కాలింది, బార్ మార్చాలి. పిచ్, గేజ్ (డ్రైవ్ లింకు మందం) అంకెలు బార్ మీదా చైను మీదా ఒకటేనా అన్నది కూడా ఒకసారి సరిచూసుకోండి.

ఇప్పుడు కొబ్బరి సంగతి. ఈ మెషిన్ల పుస్తకాల్లో రాసేదంతా వేప, టేకు లాంటి చెట్లని దృష్టిలో పెట్టుకుని రాసింది. మన మాను వేరు. దానికి వలయాలుండవు, చేవ అంతా బయటి వైపు ఉంటుంది, లోపల మెత్తన. 1996 నవంబరు 6 తుఫాను తర్వాత మా వీధిలో పడిన మానులన్నీ గొడ్డళ్ళతోనే ముక్కలు చేశారు. మొదటి నాలుగంగుళాలు దిగడానికి పట్టిన టైము మిగతా మానంతటికీ పట్టేది కాదు. మెషిన్‌కీ అంతే. పైగా కొబ్బరి నుంచి పొట్టు రాదు, పీచు వస్తుంది. పొడవాటి నారపోగులు చైనుతో పాటు కవరులోకి వెళ్ళి స్ప్రాకెట్‌కి, డ్రమ్ము వెనక్కి చుట్టుకుంటాయి. చైను ఆ పోగుల మీదికి ఎక్కినప్పుడు బిర్రుగా అవుతుంది, దిగినప్పుడు వదులవుతుంది.

పోయిన ఏడాది సఖినేటిపల్లి వైపు నుంచి ఒకాయన ఇదే ఫిర్యాదుతో కొత్త మెషిన్ తెచ్చారు. అప్పటికే చైను మార్చారు, బార్ మార్చారు. నేను డ్రమ్ము తీస్తే వెనకాల మొలతాడు మందాన పీచు చుట్టుకుని, ఆయిల్‌తో తడిసి నల్లగా గట్టిపడి ఉంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ఉంగరంలా ఊడొచ్చింది. అది తీశాక పాత చైను, పాత బార్ వేసి తిప్పాం. ఎక్కడా పట్టలేదు. ఆయన కొత్త చైనుకి, కొత్త బార్‌కి పెట్టిన డబ్బంతా వృథా. అందుకే చెబుతున్నాను, మీరు కోసినవి కొబ్బరి మానులే కాబట్టి లెక్కపెట్టే ముందే కవరు తీసి డ్రమ్ము వెనక శుభ్రం చేయండి. ఇక ముందు కూడా రెండు మూడు మానులకోసారి కవరు తీసి పీచు లాగేయండి. బార్ గాడిని పాత హాక్సా బ్లేడు ముక్కతో గీరండి, ఆయిల్ కన్నం మూసుకుపోకుండా చూడండి. లంకల్లో వరదకి మునిగిన చెట్లయితే బెరడు సందుల్లో ఒండ్రు ఎండి ఉంటుంది. కోసే చోట చుట్టూ కత్తితో చెక్కి ఇసుక దులిపి అప్పుడు మెషిన్ పెట్టండి.

ఆయిల్ కూడా ఇందులో భాగమే. ట్యాంకులో పాత కాలిన ఆయిల్ పోస్తే దానిలోని ఇనుప రజను, మసి గాడిలో కూరుకుపోతాయి. బార్ ఆయిల్ దొరక్కపోతే కొత్త 20డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిల్ పోయండి. ముక్కుని ఎండిన సిమెంటు గచ్చుకి జానెడు ఎత్తులో పట్టుకుని రేజ్ చేస్తే సన్నటి ఆయిల్ గీత పడాలి. మెషిన్ సరయ్యాక చూసుకోండి ఇది, ఇప్పుడు కాదు.

వేడి మీద చైను బిగించకండి. కోస్తుంటే చైను వేడెక్కి సాగి వేలాడుతుంది, చెయ్యి స్క్రూ మీదికి పోతుంది. పని నేర్చుకున్న కొత్తలో నేను సరుగుడు తోటలో మధ్యాహ్నం ఎండలో అలాగే బిగించి, సాయంత్రం అలాగే వదిలేసి ఇంటికి వచ్చేశాను. రాత్రి చల్లబడి చైను కుంచించుకుపోయింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే చైను కదల్లేదు. రేజ్ ఇచ్చాను. క్లచ్ నుంచి పొగ వచ్చింది, డ్రమ్ము నీలంగా మారింది. ఆ తర్వాత ఆ మెషిన్‌లో చైను ఎప్పుడూ ఏడు లింకులకోసారి పట్టేది. వేడి మీద బిగించక తప్పకపోతే, పని ఆపగానే వదులు చేసి పెట్టండి.

ఇక ఎంత తేడా ఉంటే ఒప్పుకోవచ్చు అన్నది. ఏ మెషిన్‌లోనైనా కొద్దిపాటి తేడా ఉంటుంది, దానికి భయపడనక్కర్లేదు. టెన్షన్ ఎప్పుడూ బిర్రుగా ఉన్న చోటే పెట్టాలి, వదులున్న చోట కాదు. ఆ చోట చైను రెండు వేళ్ళతో లాగితే జరగాలి. తర్వాత చైనుని వదులున్న చోటికి తిప్పి, బార్ కింది వైపు చూడండి. చైను బార్‌కి ఆనుకునే ఉండాలి. మధ్యలో పట్టి కిందికి లాగితే డ్రైవ్ లింకుల మొనలు గాడిలోంచి పూర్తిగా బయటికి రాకూడదు, వదలగానే టప్పున వెనక్కి పోవాలి. ఒకే సెట్టింగులో ఈ రెండూ కుదిరితే నిశ్చింతగా వాడుకోండి. కుదరకపోతే ఏదో ఒకటి మార్చాల్సిందే, దాంతో కోయకండి.

మెషిన్ మొత్తం మార్పించాల్సిన అవసరం సాధారణంగా రాదు. గుర్తు చుట్టుకి ఒకసారి పడితే చైను, ఏడు లింకులకోసారి పడితే డ్రమ్ము స్ప్రాకెట్ అడగండి. షాపుకి వెళ్ళేటప్పుడు నెయిల్ పాలిష్ గుర్తులు తుడవకుండా తీసుకెళ్ళి, వాళ్ళ ఎదురుగానే చైను తిప్పి చూపించండి. ఫోన్‌లో వీడియో కూడా తీసి ఉంచుకోండి. "టైటుగా ఉందండీ" అంటే బిగించి పంపేస్తారు. "ఏడు లింకులకోసారి పట్టేస్తోంది" అంటే కవరు విప్పక తప్పదు.

ముందు డ్రమ్ము వెనక పీచు తీసి, రెండు చుట్లు లెక్కపెట్టి, ఎన్ని లింకులకోసారి పడుతోందో ఇక్కడ రాయండి. డ్రైవ్ లింకుల మొనలవి, బార్ కన్నం దగ్గరిది దగ్గర నుంచి తీసిన ఫోటోలు పెడితే మిగతాది చూసి చెబుతాను.